లినక్స్ ల్యాప్‌టాప్‌లో విద్యుత్ పెత్తనం ఎవరిది?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 చూస్తే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను గడప దాటనివ్వదు. హైదరాబాద్‌లోని కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ మార్కెట్ మీదుగా నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, సూర్యాపేట దుకాణాలకు వస్తూనే ఉన్నాయి. డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థులు, జిరాక్స్ కేంద్రాలవారు, ట్యూషన్లు చెప్పేవారు వీటినే కొంటున్నారు. ఈ పాత యంత్రాల్లో చాలావాటికి ఇప్పుడు మిగిలిన మంచి దారి లినక్స్.

ఎక్కించడం కష్టమేమీ కాదు. ఉబుంటు, మింట్, ఫెడోరా వంటి లినక్స్ రూపాల్లో (వీటినే డిస్ట్రోలు అంటారు) ఏదైనా అరగంట పని. వైఫై పలుకుతుంది, శబ్దం వస్తుంది, తెలుగు టైపింగూ కుదురుతుంది. వారం తిరిగేసరికి ఫిర్యాదులు మొదలవుతాయి. మూత మూస్తే నిద్రపోదు. నిద్రపోతే లేవదు. 30 శాతం చూపిస్తూనే చటుక్కున ఆరిపోతుంది. చార్జర్ గుచ్చినా నిండదు. దుకాణంలో అడిగితే ‘బ్యాటరీ మార్చాలి’ అంటారు. తెలిసినవాళ్లు ‘టీఎల్‌పీ వేసుకోండి’ అని ఒక విద్యుత్ పొదుపు సాఫ్ట్‌వేర్ పేరు చెబుతారు. ఇంకొకరు ‘విండోసే నయం’ అని తేల్చేస్తారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే ముగ్గురూ వేయని ప్రశ్న ఒకటుంది: ఈ యంత్రంలో విద్యుత్ నిర్ణయాలు ప్రస్తుతం ఎవరి చేతిలో ఉన్నాయి? దీనికి జవాబు తెలియకుండా చేసే మరమ్మతులో సగం వృథా, మిగతా సగం కొత్త తంటా.

విద్యుత్ వ్యవహారం ల్యాప్‌టాప్‌లో నాలుగు అంచెల్లో నడుస్తుంది. అన్నిటికన్నా అడుగున తయారీదారు రాసి యంత్రంలోనే పెట్టిన ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్. దానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య ఒప్పందం లాంటిది ఏసీపీఐ. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబర్‌లో దాన్ని తెచ్చాయి. దానిపైన ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్. కెర్నెల్ పైన వెనకాల నిశ్శబ్దంగా నడిచే సేవలు: సేవలన్నిటినీ నడిపే సిస్టమ్‌డీలోని లాగిన్‌డీ, బ్యాటరీ సమాచారం చెప్పే అప్‌పవర్, పవర్ ప్రొఫైల్స్ డీమన్, టీఎల్‌పీ, వేడిని చూసుకునే థర్మల్‌డీ. చివరగా కంటికి కనిపించే డెస్క్‌టాప్: గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ, సినమన్. సెట్టింగుల కిటికీలో మీట నొక్కేది నాలుగో అంచెలో. పని జరిగేది మాత్రం మొదటి రెండు అంచెల్లో. మధ్యలో కబురు ఎక్కడ ఆగిపోయిందో కనుక్కోవడమే తప్పుల వేట అంతా.

బ్యాటరీ గుర్తు తెరపై నుంచి మాయమైన సందర్భం తీసుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. ముందు కెర్నెల్‌ను అడగాలి. సిస్ డైరెక్టరీలో క్లాస్, అందులో పవర్ సప్లై అనే చోట బ్యాట్0 లేదా బ్యాట్1 పేరుతో ఒక డైరెక్టరీ ఉంటే కెర్నెల్‌కు బ్యాటరీ కనిపిస్తున్నట్టే. అక్కడే లేకపోతే తప్పు ఫర్మ్‌వేర్‌లోనో, బ్యాటరీలోనో, దాని కనెక్టర్‌లోనో ఉంది. డెస్క్‌టాప్‌ను ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. కెర్నెల్‌కు కనిపిస్తుంటే తరవాత అప్‌పవర్‌ను అడగాలి. టెర్మినల్‌లో అప్‌పవర్ ఆదేశాన్ని డంప్ ఎంపికతో ఇస్తే తనకు తెలిసిందంతా చెబుతుంది. చెప్పకపోతే ఆ సేవ పడిపోయింది, సిస్టమ్‌సీటీఎల్ ఆదేశంతో మళ్లీ లేపాలి. అదీ సరిగ్గానే చెబుతుంటే లోపం డెస్క్‌టాప్ ప్యానెల్‌ది. చాలాసార్లు లాగౌట్ అయి లోపలికి వస్తే గుర్తు తిరిగి వస్తుంది. మూడు ప్రశ్నలతో తేలే విషయానికి ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించేవారు ఈ జిల్లాల్లోనే కాదు, అన్నిచోట్లా ఉన్నారు.

బ్యాటరీ చెప్పే అంకెలు

‘ఎంతసేపు వస్తుంది’ అన్నదానికి బ్యాటరీ శాతం జవాబు కాదు. శాతం అంటే ఇప్పుడు బ్యాటరీ పట్టగలిగినదాంట్లో ఎంత ఉందన్నది మాత్రమే. అసలు సమాచారం ఇందాకటి బ్యాట్0 డైరెక్టరీలోనే రెండు ఫైళ్లలో ఉంటుంది: ఎనర్జీ ఫుల్ డిజైన్, ఎనర్జీ ఫుల్. మొదటిది కొత్తలో ఉండాల్సిన సామర్థ్యం, రెండోది ఇప్పుడున్నది. కొలత మైక్రోవాట్ అవర్లలో ఉంటుంది కాబట్టి పది లక్షలతో భాగించాలి. కొన్ని యంత్రాల్లో ఎనర్జీ బదులు చార్జ్ పేరుతో ఆంపియర్ అవర్ల లెక్క ఉంటుంది. నిష్పత్తి చూడడానికి ఏదైనా ఒకటే.

ఉదాహరణకు ఒక పాత ల్యాప్‌టాప్‌లో డిజైన్ 48 వాట్ అవర్లు, ఇప్పుడు మిగిలింది 26 అనుకుందాం. అంటే బ్యాటరీ 54 శాతానికి అరిగిపోయింది. అదే డైరెక్టరీలో పవర్ నౌ అనే ఫైలు ఈ క్షణాన ఎన్ని వాట్లు ఖర్చవుతున్నాయో చెబుతుంది. చార్జర్ తీసి, తెర వెలుగు సగానికి తగ్గించి, ఏ పనీ చేయకుండా ఐదు నిమిషాలు వదిలేసి చూసినప్పుడు 7 వాట్లు కనిపిస్తే 3 గంటల 40 నిమిషాలు రావాలి. 14 వాట్లు కనిపిస్తే రెండు గంటలైనా రాదు. ఇక్కడ రెండు వేరు వేరు జబ్బులున్నాయి. సామర్థ్యం తగ్గడం రసాయనిక సమస్య, దానికి సాఫ్ట్‌వేర్ మందు లేదు. ఖాళీగా ఉన్నా 14 వాట్లు లాగడం సాఫ్ట్‌వేర్ సమస్య, దానికి బ్యాటరీ మార్చడం మందు కాదు. కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ లెక్క వేసుకుంటే, కనీసం ఏ జబ్బుకు డబ్బు పెడుతున్నామో తెలుస్తుంది.

30 శాతం దగ్గర ఆరిపోవడం మరో తంతు. అరిగిన సెల్ బరువు మోయలేక వోల్టేజీ ఒక్కసారిగా జారిపోతుంది. లోపల చార్జ్‌ను కొలిచే గేజ్ చిప్ మాత్రం పాత లెక్కే వల్లిస్తుంది. చౌక డూప్లికేట్ బ్యాటరీల్లో ఇది మరీ ఎక్కువ. ఎనర్జీ ఫుల్, డిజైన్ అంకెలు రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే ఉండి, సైకిల్ కౌంట్ (బ్యాటరీ ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందన్న లెక్క) నెలలు గడిచినా సున్నా దగ్గరే ఉంటే ఆ చిప్ మాటను అనుమానించాలి. (కొన్ని ఫర్మ్‌వేర్‌లు మంచి బ్యాటరీకి కూడా సైకిల్ లెక్క ఇవ్వవు. అందుకే రెండు గుర్తులూ కలిపి చూడాలి.) అలాంటి బ్యాటరీని వెంటనే పారేయలేనప్పుడు అప్‌పవర్ కాన్ఫిగరేషన్ ఫైలు కొంత ఆదుకుంటుంది. కొత్త రూపాల్లో అది 20 శాతానికి హెచ్చరించి, 5 శాతానికి ప్రమాదమని చెప్పి, 2 శాతానికి చర్య తీసుకునేలా అమర్చి ఉంటుంది. 30 దగ్గర కూలే బ్యాటరీకి 2 శాతం అనే ఘడియ ఎన్నటికీ రాదు. ఆ అంకెలను 45, 40, 35గా పెంచి సేవను పునఃప్రారంభిస్తే చటుక్కున ఆరిపోకముందే యంత్రం హెచ్చరించి, ఆ తరవాత తనంతట తాను ఆగుతుంది.

చార్జర్ గుచ్చినా ‘నాట్ చార్జింగ్’ అని చూపిస్తే చాలామంది కంగారు పడతారు. మూడు కారణాల్లో ఒకటై ఉంటుంది. ఎవరో చార్జింగ్ పరిమితి పెట్టారు: చార్జ్ కంట్రోల్ ఎండ్ థ్రెషోల్డ్ ఫైలులో 80 ఉంటే అది 80 దగ్గర ఆగడం సరైన పనే. రెండోది వేడి. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటాక నింపకూడదు. మే నెలలో నల్లగొండలో బయటే 43, 44 డిగ్రీలు ఉంటే, రేకుల కప్పు కింద నడుస్తున్న ల్యాప్‌టాప్ లోపల ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. చల్లబడ్డాక అదే మొదలవుతుంది. మూడోది పరాయి చార్జర్. కొన్ని కంపెనీల యంత్రాలు చార్జర్‌లోని గుర్తింపు సంకేతాన్ని చదువుతాయి. అది అందకపోతే బ్యాటరీని నింపవు సరికదా, ప్రాసెసర్ వేగాన్ని కూడా కట్టిపడేస్తాయి. ‘లినక్స్ వేశాక నత్తనడక నడుస్తోంది’ అన్న ఫిర్యాదుల్లో కొన్నిటి గుట్టు చార్జర్ పిన్నులోనే ఉంటుంది. ప్రాసెసర్ 400 లేదా 800 మెగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా కూర్చుంటే చార్జర్ పూర్తిగా తీసి చూడాలి. బ్యాటరీ మీద వేగం పుంజుకుంటే దొంగ దొరికినట్టే.

మినుకుమనే కరెంటు, ఊగిసలాడే ప్రొఫైల్

దక్షిణ తెలంగాణ సాగు బోర్ల మీద బతుకుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ మొదలైంది. యాసంగిలో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లు వరసగా అందుకున్నప్పుడు ఊళ్లో బల్బు ఒక్క క్షణం మసకబారడం అందరూ చూసేదే. ల్యాప్‌టాప్ చార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి తక్కువ వోల్టేజీ ఒక్కటే దాన్ని ఏమీ చేయదు. చిక్కు వచ్చేది సరఫరా క్షణకాలం తెగి మళ్లీ వచ్చినప్పుడు, లేదా ఇన్వర్టర్ అందుకునే ఆ చిన్న ఖాళీలో. ప్రతిసారీ కెర్నెల్ ‘చార్జర్ పోయింది’, ‘చార్జర్ వచ్చింది’ అని రెండు కబుర్లు పంపుతుంది. టీఎల్‌పీ ఆ రెండిటికీ స్పందించి ప్రాసెసర్, డిస్కు, యూఎస్‌బీ, వైఫై అమరికలన్నిటినీ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారుస్తుంది. తెర వెలుగు తగ్గి పెరుగుతుంది. వైఫై పొదుపు మోడ్‌లోకి వెళ్లి వస్తుంది, ఆ కుదుపుకు కొన్ని కార్డులు లంకె తెంపుకుంటాయి. వాడేవారికి కనిపించేది ‘ఆన్‌లైన్ క్లాసు మధ్యలో నెట్ పోతోంది’ అన్నదొక్కటే.

దీన్ని పట్టుకోవడం సులువు. అప్‌పవర్‌ను మానిటర్ ఎంపికతో ఒక టెర్మినల్‌లో నడవనిచ్చి పక్కన పెట్టాలి. చార్జర్ ముట్టుకోకుండానే లైన్ పవర్ (చార్జర్ సరఫరా) మార్పు కబుర్లు వరసగా పడుతుంటే తప్పు గోడ సాకెట్ దగ్గర నుంచి మొదలవుతోంది. వదులు సాకెట్ అయినా, అరిగిన చార్జర్ పిన్ను అయినా ఇదే గుర్తు చూపిస్తుంది. యూపీఎస్ లేదా బిగువైన సాకెట్ అసలు వైద్యం. అది కుదిరేదాకా టీఎల్‌పీ కాన్ఫిగరేషన్‌లో వైఫై పొదుపును చార్జర్‌కూ బ్యాటరీకీ ఒకేలా ఆఫ్‌లో ఉంచితే కనీసం నెట్ తెగడం ఆగుతుంది.

తూముకు ఇద్దరు నీరటికాళ్లు

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు, అతి తక్కువగా గుర్తించే తప్పు ఒకటే: ఒక పనికి ఇద్దరు అధికారులు. ఒకే చెరువు తూముకు ఇద్దరు నీరటికాళ్లను పెడితే ఒకరు ఎత్తిన తలుపును మరొకరు దించుతారు, పొలం ఎండుతుంది. ఉబుంటు, దాని సంతతి చాలావాటిలో పవర్ ప్రొఫైల్స్ డీమన్ ముందే ఉంటుంది. డెస్క్‌టాప్ మెనూలో పొదుపు, సమతౌల్యం, పనితీరు అనే మూడు ఎంపికలు చూపించేది అదే. ఫెడోరా 2024లో వచ్చిన 41వ విడుదలతో దాని స్థానంలో ట్యూన్‌డీని తెచ్చింది. వీటి పైన టీఎల్‌పీ, దాని పైన ఆటో సీపీయూఫ్రీక్, ఎక్కడో పాత వ్యాసం చూసి ల్యాప్‌టాప్ మోడ్ టూల్స్, చివరికి పవర్‌టాప్ ఆటో ట్యూన్. ఇవన్నీ ఒకే యంత్రంలో ఉండడం అరుదేమీ కాదు. అన్నీ కెర్నెల్‌లోని అవే నాలుగైదు ఫైళ్లలో రాస్తాయి. చివరగా రాసినవారిదే మాట. ఎవరు చివరగా రాస్తారో ఒక్కో బూట్‌కు ఒక్కోలా ఉంటుంది. ‘నిన్న బాగానే ఉంది, ఇవాళ ఏమైందో’ అన్న వింతకు ఇదే మూలం.

టీఎల్‌పీ, పవర్ ప్రొఫైల్స్ డీమన్ కలిసి నడవకూడదని టీఎల్‌పీ రచయితలే తమ పత్రాల్లో రాశారు. టీఎల్‌పీ స్టాట్ ఆదేశం ఇస్తే ఇలాంటి ఘర్షణను అదే హెచ్చరిస్తుంది. టీఎల్‌పీ కోసం ఆ డీమన్‌ను తీసేసినప్పుడు గ్నోమ్ మెనూలోని మూడు ఎంపికలు మాయమవుతాయి. అది చెడిపోవడం కాదు, ఆ ఎంపికలు చూపించే సేవ లేకపోవడమే. దాన్ని చూసి మళ్లీ డీమన్‌ను ఎక్కిస్తే కథ మొదటికొస్తుంది. ఎవరిని ఉంచాలన్నది యంత్రాన్ని బట్టి ఉంటుంది. కొత్త ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లకు డిస్ట్రో ఇచ్చినదే చాలు, పైన ఇంకేమీ వద్దు. ఆరేడేళ్లు దాటిన కంపెనీ యంత్రాలకు, ముఖ్యంగా చార్జింగ్ పరిమితి అవసరమైనవాటికి, టీఎల్‌పీ ఒక్కటే మేలు. రెండూ మాత్రం కూడదు.

పవర్‌టాప్ గురించి ఒక మాట. ఇది కొలవడానికి గొప్ప సాధనం, పాలించడానికి కాదు. ఆటో ట్యూన్ అన్నిటినీ ఒకేసారి పొదుపులోకి నెడుతుంది. దాంతో యూఎస్‌బీ మౌస్ రెండు క్షణాలు కదలకపోతే నిద్రపోతుంది, కొన్ని మౌస్‌లు మీట నొక్కితే తప్ప లేవవు. రీబూట్ చేస్తే ఆ అమరికలన్నీ పోతాయి కూడా. దాన్ని ప్రతి బూట్‌కు నడిచేలా సేవగా పెట్టుకోమనే సలహా ఇంకా తిరుగుతూనే ఉంది. పాటించకపోవడమే మంచిది.

ఇంకో అపోహ గవర్నర్, అంటే ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే కెర్నెల్ అమరిక, పేరుతో వస్తుంది. ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్ తన సహజ రీతిలో ఉన్నప్పుడు గవర్నర్ ‘పవర్‌సేవ్’ అని కనిపించడం మామూలే. దాని అర్థం వేగాన్ని అట్టడుగున ఉంచమని కాదు, అవసరాన్ని బట్టి పెంచి తగ్గించమని. అది చూసి ‘పర్ఫార్మెన్స్’కు మార్చేవారు ఫ్యాను మోతను, వేడిని కొనుక్కుంటున్నారు, అంతే.

మూత మూసిన తరవాత

నిద్ర విషయంలో లినక్స్ మీద వచ్చే నిందల్లో న్యాయమైనవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. ముందు మూత సంగతి. మూత మూసినప్పుడు ఏం చేయాలో చెప్పే మొదటి అధికారి లాగిన్‌డీ. అమరిక లేకపోతే నిద్రపుచ్చుతుంది. డెస్క్‌టాప్‌లోని పవర్ మేనేజర్ ‘ఇది నేను చూసుకుంటాను’ అని దాన్ని నిరోధించగలదు. అలా నిరోధించి తానే బిగుసుకుపోతే, లేదా తన సెట్టింగులో ‘ఏమీ చేయవద్దు’ అని ఉంటే, లాగిన్‌డీ ఫైలు ఎంత దిద్దినా ఫలితం కనిపించదు. సిస్టమ్‌డీ ఇన్‌హిబిట్ ఆదేశానికి లిస్ట్ ఎంపిక ఇస్తే ఇప్పుడు ఎవరు దేన్ని ఆపుతున్నారో పట్టిక వస్తుంది. ఆ పట్టిక చూడకుండా కాన్ఫిగరేషన్ ఫైళ్లలో చేయి పెట్టడం దండగ.

రెండు చిన్న నియమాలు తెలియక చాలామంది తిప్పలు పడతారు. రెండో తెర తగిలించి ఉంటే లాగిన్‌డీ దాన్ని డాక్ చేసిన యంత్రంగా లెక్కిస్తుంది, మూతను పట్టించుకోదు. కళాశాల సెమినార్ గదిలో ప్రొజెక్టర్ తీగ ఉండగానే మూత మూసేస్తే ల్యాప్‌టాప్ మేలుకునే ఉంటుంది.  రెండో నియమం: బూట్ అయిన తరవాత, నిద్ర లేచిన తరవాత సుమారు 30 సెకన్లపాటు లాగిన్‌డీ మూత కదలికలకు స్పందించదు. తెరిచి, టైము చూసి, వెంటనే మూసేసే అలవాటున్నవారి ల్యాప్‌టాప్ ఒక్కోసారి నిద్రపోనట్టు కనిపించడానికి ఇదొక కారణం. రెండూ తప్పులు కావు, కావాలని పెట్టినవే.

ఇక నిద్ర రకాలు. పాత రకంలో ప్రాసెసర్‌తో సహా అన్నీ ఆగి, మెమరీ ఒక్కటే సన్నని కరెంటుతో బతుకుతుంది. దీన్ని ఏసీపీఐ భాషలో ఎస్3 అంటారు, కెర్నెల్ డీప్ అని రాస్తుంది. కొత్త రకంలో యంత్రం పూర్తిగా ఆగదు. ఫోను లాగా అన్ని భాగాలూ ఒక్కొక్కటిగా కునుకు తీయాలి. దాని పేరు ఎస్2ఐడిల్. సిస్ డైరెక్టరీలో పవర్ లోపలి మెమ్ స్లీప్ ఫైలు చదివితే యంత్రంలో ఉన్న రకాలు కనిపించి, వాడుకలో ఉన్నది చదరపు బ్రాకెట్లలో ఉంటుంది. ఎస్2ఐడిల్‌లో ఒక్క డ్రైవర్ మొండికేసినా ప్రాసెసర్ లోతైన నిద్రకు చేరదు. మూత మూసి, దేవరకొండలో బస్సెక్కి, హైదరాబాద్‌లో దిగి సంచి తెరిస్తే ల్యాప్‌టాప్ కాలుతూ ఉంటుంది, బ్యాటరీ అడుగంటి ఉంటుంది.

విచిత్రమేమిటంటే ఈ విషయంలో పాత యంత్రాలదే పైచేయి. ఇంటెల్ ఆరు, ఏడు తరాల కంపెనీ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్3 ఉంది, అది ఏళ్ల తరబడి నలిగి గట్టిపడిన దారి. పదకొండో తరం నుంచి చాలామంది తయారీదారులు దాన్ని ఫర్మ్‌వేర్ నుంచే తీసేశారు. మెమ్ స్లీప్ ఫైలులో డీప్ అనే మాటే లేకపోతే మెమ్ స్లీప్ డిఫాల్ట్ అనే కెర్నెల్ పారామీటర్ (బూట్ సమయంలో కెర్నెల్‌కు ఇచ్చే ఎంపిక) రాసి లాభం లేదు. లేనిదాన్ని కెర్నెల్ పుట్టించలేదు. ఉండి, వాడుకలో లేకపోతే మాత్రం ఆ పారామీటర్‌తో ఎంచుకోవచ్చు. కొన్ని కంపెనీల బయోస్‌లో స్లీప్ స్టేట్ అనే ఎంపిక కింద ‘లినక్స్’ అని రాసి ఉంటుంది. దాన్ని ఎంచుకోవడం అన్నిటికన్నా శుభ్రమైన మార్గం.

ఎస్2ఐడిల్ తప్ప గతి లేని యంత్రంలో నిద్ర నిజమా, నటనా అన్నది కొలవవచ్చు. కొత్త కెర్నెల్‌లలో సస్పెండ్ స్టాట్స్ డైరెక్టరీలో లాస్ట్ హార్డ్‌వేర్ స్లీప్ అనే లెక్క ఉంటుంది. పది నిమిషాలు నిద్రపుచ్చి లేపాక ఆ లెక్క సున్నా చూపిస్తే యంత్రం కళ్లు మూసుకుందే తప్ప నిద్రపోలేదు. అప్పుడు అనుమానితులను ఒక్కొక్కరినే పక్కకు తప్పించాలి: యూఎస్‌బీలో గుచ్చినవి, మెమరీ కార్డు, బ్లూటూత్, ఆ తరవాత ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ డిస్కు.

నిద్రపోయిన మరుక్షణం లేచే యంత్రానికి వైద్యం వేరు. ప్రాక్ డైరెక్టరీలో ఏసీపీఐ లోపల వేకప్ అనే ఫైలు ఎవరెవరికి లేపే హక్కు ఉందో చెబుతుంది. ఎక్స్‌హెచ్‌సీ అంటే యూఎస్‌బీ కంట్రోలర్, లిడ్ అంటే మూత. పేరును ఆ ఫైలులోకి రాస్తే హక్కు పోతుంది, మళ్లీ రాస్తే తిరిగి వస్తుంది. అందుకే బూట్ సమయంలో నడిచే చిన్న సేవగా పెట్టేటప్పుడు ఒక్కసారే నడిచేలా చూసుకోవాలి.

లేవని యంత్రం సంగతి మరీ ఇబ్బందికరం. తెర నల్లగా ఉంటే యంత్రం చచ్చిందని తీర్మానించేయకూడదు. క్యాప్స్ లాక్ నొక్కితే దీపం మారుతుంటే కెర్నెల్ బతికే ఉంది, గ్రాఫిక్స్ డ్రైవర్ లేవలేదు. దీపం కూడా మారకపోతే బలవంతంగా ఆపి, మళ్లీ బూట్ చేసి జర్నల్‌సీటీఎల్‌తో గత బూట్ చిట్టా చివరి పేజీ చూడాలి. ‘సస్పెండ్ ఎంట్రీ’ అన్న వాక్యం ఉండి ‘సస్పెండ్ ఎగ్జిట్’ లేకపోతే లోపల ఎక్కడో ఇరుక్కుంది. ఆ తరవాత బూట్ సమయంలో వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఎంపికల కింద పాత కెర్నెల్‌తో బూట్ చేసి చూడడం ఉత్తమం. పాతదానిలో లేచి కొత్తదానిలో లేవకపోతే సెట్టింగుల్లో వెతకాల్సిన పని లేదు, అది కెర్నెల్‌లో కొత్తగా దూరిన లోపం. దిద్దుబాటు వచ్చేదాకా పాతదానితో నడుపుకోవచ్చు.

హైబర్నేట్ మీద ఆశ పెట్టుకునేవారికి ముందే తెలియాల్సినది కొంత ఉంది. అందులో యంత్రం పూర్తిగా ఆగే ముందు మెమరీ అంతా డిస్కులోని స్వాప్ అనే చోటికి వెళ్లాలి. ఫెడోరా 2020లో వచ్చిన 33వ విడుదల నుంచి స్వాప్‌ను మెమరీలోనే జడ్‌ర్యామ్‌గా పెడుతోంది, కరెంటు పోతే అదీ పోతుంది కాబట్టి హైబర్నేట్‌కు పనికిరాదు. ఉబుంటు ఇచ్చే స్వాప్ ఫైలు తరచుగా చాలనంత చిన్నది. సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల కెర్నెల్ లాక్‌డౌన్‌లోకి వెళ్లి హైబర్నేట్‌ను అసలే ఒప్పుకోదు. బ్యాటరీ 2 శాతానికి చేరినప్పుడు అప్‌పవర్ మొదట ప్రయత్నించేది హైబ్రిడ్ స్లీప్, అంటే నిద్ర, హైబర్నేట్ రెండూ కలిపినది. దానికీ ఇదే అర్హత కావాలి. అది కుదరకపోతే పవర్ ఆఫ్ చేస్తుంది. ‘సేవ్ చేయకుండానే ఆపేసింది’ అన్న కోపానికి కారణం అక్కడుంది.

ఊరికే ఖర్చయ్యే వాట్లు

ఖాళీగా ఉన్నప్పుడు వాట్లు ఎక్కువగా కనిపిస్తే మొదట చూడాల్సినది ఎన్విడియా కార్డు. రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పెద్ద కార్డు మేలుకుని కూర్చుంటే ఏ పనీ చేయకుండానే వాట్లకు వాట్లు మింగుతుంది. అది నిద్రలో ఉందా లేదా అన్నది పీసీఐ పరికరం కింద రన్‌టైమ్ స్టేటస్ ఫైలు చెబుతుంది. ఎన్విడియా ఎస్‌ఎంఐ ఆదేశంతో చూడబోతే ఆ ఆదేశమే కార్డును లేపుతుంది. నిద్రపోయిన మనిషిని తట్టిలేపి ‘నిద్రపోయావా’ అని అడగడమే అది. ఉబుంటులో ప్రైమ్ సెలెక్ట్‌తో ఇంటెల్‌కు మార్చి రీబూట్ చేస్తే, ఆటలు ఆడనివారికి, పెద్ద ఉపశమనం.

ఆ తరవాతి దోషి బ్రౌజర్. వీడియోను గ్రాఫిక్స్ చిప్ విప్పాల్సింది పోయి ప్రాసెసర్ విప్పుతుంటే ఫ్యాను హోరు వినపడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ సపోర్ట్ పేజీ హార్డ్‌వేర్ డీకోడింగ్ ఉందో లేదో చూపిస్తుంది. ఎక్కువసార్లు వీడియో విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే వీఏ ఏపీఐ డ్రైవర్ ప్యాకేజీ లేకపోవడమే లోపం.

తెర వెలుగు మీటలు పనిచేయకపోతే ఏసీపీఐ బ్యాక్‌లైట్ అనే కెర్నెల్ పారామీటర్‌కు నేటివ్, వెండార్, వీడియో అనే విలువలు మార్చి చూడడమే మార్గం. చాలాసార్లు ఒకటి పలుకుతుంది.

కెర్నెల్ పారామీటర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇదొకటి తెలుసుకోవాలి. బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ ‘నువ్వు ఫలానా విండోస్‌వా’ అని అడుగుతుంది. లినక్స్ కెర్నెల్ అవునని జవాబిస్తుంది. ‘లినక్స్‌వా’ అంటే కాదంటుంది. ఇది వంచన కాదు. తయారీదారులు విండోస్ దారినే పరీక్షిస్తారు కాబట్టి ఆ దారిలో నడవడమే క్షేమమని కెర్నెల్ రచయితలు ఎప్పుడో తేల్చుకున్నారు. ఏసీపీఐ ఓఎస్ఐ పారామీటర్‌తో ఆ జవాబు మార్చవచ్చు, ఒకటి రెండు మోడళ్లకు అది పనిచేసింది కూడా. తన మోడల్ పేరుతో స్పష్టమైన ఆధారం లేకుండా దాన్ని ఎత్తి రాసుకోవడం చీకట్లో రాయి విసరడమే. పీసీఐఈ ఏఎస్‌పీఎం ఆఫ్, ఎన్‌వీఎంఈ లేటెన్సీ సున్నా వంటివీ అంతే. వేలాడే యంత్రాన్ని నిలబెట్టడానికి అవి తాత్కాలిక ఊతం, అయితే ప్రతిదీ పొదుపును కొంత తినేస్తుంది. ఒక్కోసారి ఒక్కటే మార్చి, ఫలితం చూసి, పని చేయకపోతే తీసేయాలి. గ్రబ్ ఫైలులో ఏడెనిమిది పారామీటర్లు పేరుకున్న యంత్రానికి మొదటి చికిత్స అన్నీ తీసేయడం. అప్పుడే ఎఫ్‌డబ్ల్యూయూపీడీతో ఫర్మ్‌వేర్ నవీకరణ ఏమైనా ఉందో చూడవచ్చు. కంపెనీ శ్రేణి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి విండోస్ లేకుండానే అది అందుతుంది.

పాత ల్యాప్‌టాప్ కొనబోయేవారు ఈ పరీక్షలన్నీ దుకాణంలోనే, హార్డ్ డిస్కును ముట్టుకోకుండా చేసుకోవచ్చు. ఉబుంటు లేదా మింట్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, చార్జర్ తీసి, అప్‌పవర్ డంప్‌లో డిజైన్‌తో పోలిస్తే ఎంత సామర్థ్యం మిగిలిందో చూడాలి. మెమ్ స్లీప్ ఫైలులో డీప్ ఉందో లేదో చూడాలి. మూత మూసి ఐదు నిమిషాలు ఆగి తెరవాలి. చార్జర్ గుచ్చి స్థితి ‘చార్జింగ్’కు మారిందా, ప్రాసెసర్ వేగం పడిపోలేదు కదా అని గమనించాలి. దుకాణదారు ఇస్తానన్న చార్జర్‌తోనే ఇది చేయాలి, కౌంటర్ మీద తగిలించి ఉన్న ఇంకో చార్జర్‌తో కాదు.